నొక్కాల్సింది 'నెక్స్ట్' బటన్ కాదు

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీ పక్క సీట్లో మనిషి ఉన్నట్టుండి కుర్చీలోంచి జారి కింద పడిపోయాడనుకోండి. పిలిస్తే పలకడు, కుదిపితే కదలడు. మీరేం చేస్తారు?

"108కి ఫోన్ చేస్తా" అంటారు. బావుంది, చేశారు. అది మీ గేటు దాటి, లిఫ్టెక్కి, మీ ఫ్లోరుకొచ్చేదాకా ఏం చేస్తారు?

నేనేం చేశానో చెప్తా. ఏమీ చెయ్యలేదు. నిలబడి చూశా.

నాకీ ఫీల్డులో పదిహేడేళ్ళ అనుభవం. ఏడాదికోసారి మెట్లు దిగి పార్కింగులో నిలబడి తలలు లెక్కపెట్టించుకునే ఫైర్ డ్రిల్లు ఒక్కటీ మానలేదు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదనీ, క్లయింటు దగ్గర గిఫ్టులు తీసుకోకూడదనీ చెప్పే ఆన్‌లైన్ కోర్సులన్నీ ఏటేటా పూర్తి చేస్తూనే ఉన్నా. అందులో 'పనిచోట ఆరోగ్యం, భద్రత' అని కూడా ఒకటుంది. నలభై స్లైడులు, చివర్లో పది ప్రశ్నలు. నాకు పదికి పది. (మీకూ అంతే వచ్చుంటాయి. తప్పైతే మళ్ళీ రాయనిస్తాడు కదా!) ఆ పదికి పది వచ్చినవాడే ఆ రోజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందుకే ఈ కోపం. సగం కంపెనీల మీద, సగం నా మీద.

2023 నవంబరు. హైదరాబాదులో మా ఆఫీసు, ఆరో అంతస్తు, సాయంత్రం ఏడు దాటింది. రిలీజు రోజు కాబట్టి ఇంకా ఇరవై మందిమి ఉన్నాం. మా టీములో ఒకాయన్ని అందరం 'పెద్దాయన' అనేవాళ్ళం. పెద్దాయనంటే మరీ పెద్దేం కాదు, నలభై నాలుగు. మిగతావాళ్ళు కుర్రాళ్ళు కాబట్టి ఆ పేరొచ్చింది. నాలుగింటప్పుడే "భుజం లాగేస్తోందయ్యా, గ్యాస్ అనుకుంటా" అని ఈనో కలుపుకుని తాగారు. "మధ్యాహ్నం ఆ బిర్యానీ వద్దంటే విన్నారు కాదు" అని మేం నవ్వాం. ఏడూ ఇరవైకి ప్యాంట్రీ వైపు వెళ్తూ వెళ్తూ పడిపోయారు.

అందరం పరుగెత్తాం. చేతులు ఒకసారి బిగుసుకున్నట్టయ్యాయి. "ఫిట్స్, ఫిట్స్... తాళాలు పెట్టండి చేతిలో" అని ఎవరో అరిచారు. బైకు తాళాలు పెట్టాం. ఇంకొకరు మొహం మీద నీళ్ళు కొట్టారు. నోరు తెరిచి, గురకలాంటి శబ్దంతో, ఆగి ఆగి గాలి పీలుస్తున్నారు. అది చూసి "ఊపిరుంది, ఊపిరుంది" అని మాకు ప్రాణం లేచొచ్చింది. ఒకమ్మాయి 108కి చేసింది. మేం చుట్టూ మూగి "గాలి ఆడనివ్వండి" అని ఒకళ్ళనొకళ్ళం కసురుకున్నాం.

అంబులెన్సు పద్నాలుగు నిమిషాల్లో గేటుకొచ్చింది. ఆ ట్రాఫిక్కులో అది గొప్పే. అయితే స్ట్రెచరు మామూలు లిఫ్టులో పట్టలేదు. సర్వీసు లిఫ్టు తాళం ఉన్న గార్డు రౌండ్స్‌లో ఉన్నాడు. ఆరో అంతస్తుకొచ్చేసరికి ఇరవై ఒక్క నిమిషాలు. ఆ తర్వాత సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఆయన బతికేవారని నేననడం లేదు. అది ఎవరూ చెప్పలేరు. బతికే అవకాశాన్ని మాత్రం ఇరవై మంది ఇంజినీర్లం కలిసి ఇరవై ఒక్క నిమిషాల పాటు నేలపాలు చేశాం. దీన్ని నేను ఎవరి మీదికీ తోసెయ్యలేను.

తర్వాత తెలిసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, ఆ గురకలాంటిది ఊపిరి కాదు. గుండె ఆగిపోయాక మెదడు అడుగు భాగం కాసేపు కొట్టించే ఎగశ్వాస అది. చూసేవాళ్ళకు ఊపిరిలాగే కనిపిస్తుంది. దాన్ని చూసి ఆగిపోవడమే అందరూ చేసే తప్పు. అలాగే ఆ చేతులు బిగుసుకోవడం చూసి ఫిట్స్ అనుకోవడం కూడా. రెండోది ఇంకా ఘోరం. మా బిల్డింగులో ఏఈడీ ఉంది! గుండెకు షాక్ ఇచ్చే పెట్టె. ఎప్పుడో అమెరికా క్లయింటు ఆడిట్‌కొస్తే కొన్నారట. గ్రౌండ్ ఫ్లోరు మెడికల్ రూములో ఉంటుంది. నర్సు ఆరింటికి వెళ్ళిపోతూ ఆ గదికి తాళం వేస్తుంది. గుండె బొమ్మ మీద మెరుపు గీత ఉన్న ఆ బోర్డు నేను రోజూ చూసేవాణ్ణి. కరెంటు వాళ్ళ గది అనుకునేవాణ్ణి.

మన భాషలో చెప్తా. హార్ట్ ఎటాక్ వేరు, కార్డియాక్ అరెస్ట్ వేరు. హార్ట్ ఎటాక్ అంటే గుండెకు రక్తం తీసుకెళ్ళే గొట్టం మూసుకుపోవడం. సర్వరు స్లో అయింది కానీ ఇంకా నడుస్తోంది. మనిషి మాట్లాడతాడు, నొప్పంటాడు, చెమటలు పడతాయి. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి (ఈనో ఇవ్వకూడదు). కార్డియాక్ అరెస్ట్ అంటే గుండెలో కరెంటు గాడి తప్పి పంపింగ్ ఆగిపోవడం. సర్వరు డౌన్. మనిషి స్పృహలో ఉండడు. మొదటిది రెండోదానికి దారితీయొచ్చు. మా కళ్ళ ముందు దాదాపు అదే జరిగుంటుంది.

సర్వరు డౌన్ అయితే ఎస్సెల్యే ఎంతో మనకు కంఠతా వచ్చు. మరి దీనికెంత? సీపీఆర్, షాక్ రెండూ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. నాలుగైదు నిమిషాలకు మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. లెక్క మీరే వేసుకోండి. ప్రపంచంలో ఎంత మంచి అంబులెన్సైనా మన ఆరో అంతస్తుకు నాలుగు నిమిషాల్లో రాలేదు. రాగలిగింది పక్క సీటువాడొక్కడే. పక్క సీటువాడికి రాకపోతే ఆ సిస్టమ్‌లో బ్యాకప్ లేదన్నమాట.

"ఇది డాక్టర్ల పని కదా" అనేవాళ్ళకు ఒక కథ. ఈ ఛాతీ నొక్కడం అనేదాన్ని కనిపెట్టినవాళ్ళలో ముఖ్యుడు డాక్టరు కాదు, ఇంజినీరు. విలియం కౌవెన్‌హోవెన్, అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసరు. లైన్ల మీద పనిచేసేవాళ్ళు షాక్ కొట్టి చచ్చిపోతుంటే దానికి విరుగుడు వెతకడం ఆయన పని. 1958లో ఆయన దగ్గర పనిచేసే గై నికర్‌బాకర్ అనే కుర్రాడు (ఇతనూ ఎలక్ట్రికలే!) కుక్కల మీద ప్రయోగాలు చేస్తూ ఒకటి గమనించాడు. షాక్ ఇచ్చే బరువైన పలకల్ని ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడు, ఇంకా కరెంటు ఇవ్వకముందే, రక్తపోటు కొంచెం లేస్తోంది. లాగ్‌లో చిన్న తేడా కనిపిస్తే వదలకుండా పట్టుకోవడమంటే ఇదీ. సర్జను జేమ్స్ జూడ్ కూడా కలిసి, ముగ్గురూ 1960లో ఆ పద్ధతిని వైద్య పత్రికలో ప్రచురించారు. ఎవరైనా, ఎక్కడైనా, రెండు చేతులుంటే చాలు అన్నదే అందులోని సారాంశం. అరవై ఏళ్ళ పైమాట అది. మన జాతివాళ్ళు కనిపెట్టినదాన్ని మనమే నేర్చుకోకపోవడం ఏమిటి?

"మామూలు మనుషులు చేస్తే పనిచేస్తుందా?" అంటారా. రెండు ఉదాహరణలు. అమెరికాలో లాస్ వేగాస్ లాంటి చోట్ల క్యాసినోల్లో సెక్యూరిటీ గార్డులకు సీపీఆర్, ఏఈడీ నేర్పారు. 2000లో ఫలితాలు వచ్చాయి. షాక్‌తో సరిచెయ్యగల స్థితిలో గుండె ఆగినవాళ్ళు 105 మంది. అందులో 53 శాతం మంది బతికి ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళారు. పడిపోయిన మూడు నిమిషాల్లోపు షాక్ అందినవాళ్ళలో అయితే 74 శాతం! చేసింది డాక్టర్లు కాదు, గార్డులు. మన గార్డులకు మనం ఏం నేర్పాం? బ్యాగులో పెన్ డ్రైవు ఉందేమో వెతకడం.

రెండోది షికాగో ఎయిర్‌పోర్టులు. నడిచి నిమిషం, నిమిషంన్నర దూరంలో గోడలకు ఏఈడీలు పెట్టారు. తాళాల్లేవు. రెండేళ్ళలో గుండె ఆగిన 21 మందిలో 11 మందిని బతికించారు. ఆ పదకొండులో ఆరుగురిని కాపాడినవాళ్ళకు ఆ పెట్టె వాడటంలో శిక్షణే లేదు. మూత తీస్తే అదే మాట్లాడుతుంది, ఏం చెయ్యాలో చెప్తుంది, అవసరం లేకపోతే షాక్ ఇవ్వనివ్వదు. ఇంత మంచి యూజర్ ఇంటర్‌ఫేస్ మనం జన్మలో రాయలేదు. దాన్ని తీసుకెళ్ళి గదిలో పెట్టి తాళం వేశాం.

సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో ఉన్న మనవాళ్ళకు ఇంకోటి తెలిసే ఉండాలి. వాళ్ళుండే కింగ్ కౌంటీ ఈ విషయంలో ప్రపంచానికి పాఠం చెప్పిన చోటు. 1970ల మొదటినుంచే మామూలు జనానికి సీపీఆర్ నేర్పడం మొదలుపెట్టారు. అక్కడ ఎవరైనా చూస్తుండగా పడిపోయి, షాక్‌తో సరిచెయ్యగల స్థితిలో ఉన్నవాళ్ళలో సుమారు సగం మంది బతుకుతున్నారు. మనవాళ్ళు అక్కడున్నప్పుడు నేర్చుకుంటారు, హైదరాబాదొచ్చి అదే కంపెనీలో చేరితే అడగరు. ఎందుకండీ?

మన దగ్గర లేదా అంటే, ఉంది. 108 పుట్టిందే హైదరాబాదులో, 2005 ఆగస్టు 15న. పెట్టింది కూడా ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ అధినేతే, సత్యం రామలింగరాజు. ఆ తర్వాత ఆయన కథ ఏమైనా కానీయండి, ఆ అంబులెన్సులు మాత్రం మిగిలాయి. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ దగ్గర రోడ్డు మీద పడిపోయిన మనిషికి ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టాడు. వీడియో మనందరం వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకున్నాం. ఆ వెంటనే మార్చిలో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఎండలో నిలబడే కానిస్టేబుల్‌కు వచ్చిన విద్య ఏసీలో కూర్చున్న నాకు తొమ్మిది నెలల తర్వాత కూడా రాలేదు. నేనూ ఆ వీడియోకి బొటనవేలు పెట్టినవాణ్ణే.

ఇక చట్టం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్లో, ప్రతి 150 మంది కార్మికులకూ ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలనీ, ఆ పెట్టె ప్రభుత్వం గుర్తించిన సర్టిఫికెట్ ఉన్న మనిషి చేతిలో ఉండాలనీ, పనివేళల్లో ఆ మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉండాలనీ రాశారు. పెట్టె ఒక్కటే సరిపోదు, మనిషి కావాలని 1948లోనే తెలుసన్నమాట. మరి మన సంగతో? 1987 సవరణలో, కంప్యూటర్లు పెట్టినంత మాత్రాన ఆ చోటు ఫ్యాక్టరీ అయిపోదని విడిగా వివరణ చేర్చారు. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది, అది వేరే సంగతి. జీడిమెట్లలో బాయిలరు దగ్గర నిలబడేవాడికి దశాబ్దాల పాటు కాగితం మీదన్నా ఉన్న రక్షణ, మాదాపూర్‌లో అద్దాల మేడలో కూర్చున్న మనకు ఉండేది కాదు. మనం అడగనూ లేదు. మనం కార్మికులం కాదు కదా, 'ప్రొఫెషనల్స్'!

పెద్దాయన పోయిన వారానికి హెచ్చార్ నుంచి మెయిలొచ్చింది. సంతాపం రెండు లైన్లు, కింద 'వెల్‌నెస్ వీక్' ఆహ్వానం: జుంబా, ఒత్తిడి మీద వెబినారు, రాగి జావ. నేను అడ్మిన్ మేనేజరు దగ్గరికి వెళ్ళా.

"మన ఫ్లోరులో సీపీఆర్ వచ్చినవాళ్ళెవరండీ?"

"ఈఆర్టీ టీము ఉందిగా సార్, గోడ మీద ఫొటోలున్నాయి."

వెళ్ళి చూశా. ఆరుగురి ఫొటోలు. ముగ్గురు కంపెనీ మారిపోయారు, ఒకాయన బెంగుళూరులో ఉన్నాడు. మిగిలిన ఇద్దరినీ అడిగితే వాళ్ళు నేర్చుకున్నది మంటలార్పే సిలిండరు వాడటం. మళ్ళీ వెళ్ళి శిక్షణ పెట్టించమన్నా. అప్పుడు విన్న సాకులన్నీ ఇక్కడ రాస్తున్నా, మీకూ ఇవే చెప్తారు కాబట్టి.

"పక్కటెముకలు విరిగితే?" విరగొచ్చు. గుండె ఆగిపోయిన మనిషికి విరిగిన ఎముక సమస్య కాదు. బతికితే అతుక్కుంటుంది.

"కేసవుతుంది సార్." సదుద్దేశంతో, అనుమతి తీసుకునే వీల్లేని స్థితిలో ఉన్న మనిషి మేలు కోరి చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షను చెప్తోంది. పాత ఐపీసీలోనూ 92వ సెక్షనుగా ఉంది. అయినా చెయ్యనందుకు మనకు పడే శిక్ష గురించి ఎవరూ అడగరేం? నాకు అది ప్రతి రిలీజు రోజూ పడుతోంది.

"మనోళ్ళంతా యంగ్ సార్." ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రిగా ఉన్న మేకపాటి గౌతమ్ రెడ్డి గారు 2022 ఫిబ్రవరి 21న గుండెపోటుతో పోయారు. ఆయనకు యాభై. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న పోయేనాటికి నలభై ఆరు. డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్ 2021 జూన్ 12న ఆట మధ్యలో గుండె ఆగి పడిపోయేనాటికి ఇరవై తొమ్మిది. అతను మాత్రం బతికాడు. మైదానంలోనే సీపీఆర్ చేసి, షాక్ ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే మళ్ళీ ఆడాడు. వయసు కాపాడదు, పక్కనున్నవాళ్ళు కాపాడతారు.

"ఇప్పుడంతా హైబ్రిడ్డే కదా, సగం మంది ఇంట్లోనే." మరీ మంచిది! అమెరికా లెక్కల్లో ఆసుపత్రి బయట ఆగే గుండెల్లో పదింట ఏడు ఇంట్లోనే ఆగుతున్నాయి. ఆఫీసులో నేర్చుకున్నవాడు రేపు వాళ్ళ నాన్నకు చేస్తాడు.

"బిల్లబుల్ అవర్స్ పోతాయి." ఇది మాత్రం నిజాయితీగా చెప్పారు. మనిషికి రెండు గంటలు. టౌన్‌హాల్‌లో సీయీవో గారి స్లైడులు చూడ్డానికి ఇంతకంటే ఎక్కువ పోతున్నాయి.

ఇంకోటి, "ఆన్‌లైన్ మాడ్యూల్ పెట్టిస్తాం సార్" అంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఈత వీడియో చూసి చెరువులో దూకుతామా? బొమ్మ ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కితే తప్ప ఎంత బలం కావాలో తెలీదు. నేను చివరికి ఒక శనివారం సొంత డబ్బుతో వెళ్ళి నేర్చుకున్నా. రెండు నిమిషాలకే రొప్పొచ్చింది. ఆ రెండు నిమిషాల్లో తెలిసింది పదిహేడేళ్ళ 'నెక్స్ట్' నొక్కుడులో తెలియలేదు.

నేనడిగేవి నాలుగే.

1. ప్రతి ఫ్లోరులో, ప్రతి షిఫ్టులో, బొమ్మ మీద నేర్చుకున్నవాళ్ళుండాలి. నైట్ షిఫ్టు ముందు. రెండేళ్ళకోసారి మళ్ళీ నేర్పాలి. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు నేర్పుతాయి.

2. ఏఈడీ తాళం లేని చోట, పరుగున తెచ్చుకునే దూరంలో, అందరికీ కనిపించేలా ఉండాలి. బ్యాటరీ, ప్యాడ్ల గడువు నెలనెలా చూడాలి.

3. ఫైర్ డ్రిల్లులాగే 'మనిషి పడిపోయాడు' డ్రిల్లు, స్టాప్‌వాచ్ పెట్టి. గేటు నుంచి సీటుదాకా ఎన్ని నిమిషాలు, సర్వీసు లిఫ్టు తాళం ఎవరి దగ్గర, అంతా బయటపడుతుంది. టెస్ట్ చెయ్యని బ్యాకప్ బ్యాకప్ కాదని కుర్రాళ్ళకు చెప్పేది మనమే.

4. గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్ళు, క్యాబ్ డ్రైవర్లు కూడా ఇందులో ఉండాలి. వాళ్ళు కాంట్రాక్టు మనుషులని వదిలెయ్యొద్దు. రాత్రి రెండింటికి మన పక్కనుండేది వాళ్ళే.

ఇవి జరిగేలోపు కనీసం ఇది గుర్తుపెట్టుకోండి. నేను డాక్టర్ని కాదు, నేర్చుకున్నది చెప్తున్నా. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలక్కపోతే, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే (ఆగి ఆగి వచ్చే ఎగశ్వాస ఊపిరి కాదు) గుండె ఆగిందనే అనుకోండి. ఒక మనిషిని పేరు పెట్టి పిలిచి 108కి చెయ్యమనండి, ఇంకొకర్ని ఏఈడీ తెమ్మనండి. "ఎవరైనా చెయ్యండి" అంటే ఎవరూ చెయ్యరు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ, దాని మీద రెండో చెయ్యి. మోచేతులు వంచకుండా, 5 సెంటీమీటర్లు తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వండి. రెండు నిమిషాలకోసారి మనిషి మారండి. నోట్లో గాలి ఊదడం రాకపోతే వదిలెయ్యండి. పెద్దవాళ్ళు ఇలా ఉన్నట్టుండి పడిపోతే, శిక్షణ లేనివాళ్ళు ఒట్టి ఛాతీ నొక్కినా చాలని మన దేశ మత్తు డాక్టర్ల సంఘమే 2017లో మార్గదర్శకాలిచ్చింది. పసిపిల్లలకూ, నీళ్ళలో మునిగినవాళ్ళకూ ఊపిరి కూడా ఇవ్వాలి. అందుకే సరిగ్గా నేర్చుకోమంటున్నా.

ఇంత చేసినా అందరూ బతకరు. అమెరికాలో కూడా ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్ళందరినీ లెక్కేస్తే బతికేది పదిమందిలో ఒకరే. ఆ ఒక్కరి కోసమే ఈ గొడవంతా.

సోమవారం ఆఫీసుకెళ్ళగానే మీ అడ్మిన్‌కు మూడు ప్రశ్నలతో మెయిల్ కొట్టండి. మన ఏఈడీ ఎక్కడుంది? దాని తాళం రాత్రి ఎవరి దగ్గర? మన ఫ్లోరులో సీపీఆర్ వచ్చినవాళ్ళెవరు? మేనేజర్ని సీసీలో పెట్టండి. జవాబు రాకపోతే రెండ్రోజులకోసారి ఫాలో అప్ చెయ్యండి. బగ్గులకు చేస్తాం కదా.

మా ఆఫీసులో ఇప్పటికి ఏఈడీ గదికి తాళం తీశారు. శిక్షణ 'నెక్స్ట్ క్వార్టర్' అంటున్నారు. ఆ మాట ఇది మూడోసారి. నేనింకా మెయిల్స్ కొడుతూనే ఉన్నా.